లోపం కనబడలేదు

“పరిశీలించగా లోపం కనబడలేదు” అని అతను రిజిస్టర్లో నాలుగోసారి రాస్తుంటే, ఆ పెన్ను లాక్కుని కిటికీలోంచి బయటికి విసిరెయ్యాలనిపించింది ఆమెకి. విసిరేసేదే. కానీ స్టోరు చూసుకునే అక్క ఆ పెన్నుని దారంతో రిజిస్టరుకి కట్టేసింది.

“మళ్ళీ అదే రాశారా?” అంది.

“కనబడలేదు కదండీ మరి.”

“మీరు రావడానికి ఇరవై నిమిషాల ముందు అలారం మోగింది. హీటర్ ఆగిపోయింది. నా రెండు కళ్ళతో చూశాను.”

“మీరు చూశారు. ఈ గడిలో నేను చూసింది రాయాలి,” అన్నాడు అతను, కేబుల్ చుట్ట చుట్టి భుజాన వేసుకుంటూ. “నేను వచ్చాను, కేబుల్ తగిలించాను, ముప్పావుగంట కూర్చున్నాను. యంత్రం బుద్ధిగా ఉంది.”

“అంటే నేను అబద్ధం చెబుతున్నానా?”

“అలా అని రాయలేదండీ.”

“రాయకపోయినా అదే అర్థం!”

అతను నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించి, తను రాసింది ఇంకోసారి చదువుకున్నాడు. అలాంటి అర్థం ఎక్కడుందో నిజంగానే వెతుకుతున్నట్టు చదివాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. లేకపోతే ఆ అమ్మాయి కోపం ఊరికే వచ్చిందనుకుంటారు. ఆ ఆఫీసులో అందరూ అలాగే అనుకున్నారు, పాపం.

అది గుడ్లు పొదిగే యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ. ముందు గదిలో ఆఫీసు, మధ్యలో స్టోరు, వెనక రేకుల షెడ్డులో హార్డ్‌వేర్ బెంచి. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఒకప్పుడు ఆయనే చేతులతో గుడ్లు తిప్పి పొదిగించినవాడు. యంత్రానికి కొత్త కంట్రోలరు కావాలని ఆమెని మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నాడు.

“అమ్మా, ఈ పెట్టెలో అరవై గుడ్లు పెడుతున్నాను. ఇరవై ఒక్క రోజులు. నీ ప్రోగ్రాముతో పిల్లలొచ్చాయా, నువ్వు పర్మనెంట్. రాలేదా, పాత కంట్రోలరే నాకు ముద్దు,” అని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆమె అంతకుముందు పనిచేసిన చోట పెద్ద పెద్ద కంప్యూటర్లు. పని పడితే ఓ థ్రెడ్డు పుట్టించడమే, అది దాని దారిన అది చేసుకుపోతుంది. ఒకేసారి పది పనులు, ఇరవై పనులు. మెమరీ ఎంత మిగిలిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇక్కడ చేతిలో పెట్టింది వేలిగోరంత చిప్పు. దాని మెమరీ మొత్తం రెండు కిలోబైట్లు.

మొదటివారం ఆమె అలవాటు కొద్దీ ఎనిమిది థ్రెడ్లు పెట్టింది. ఒక్కో థ్రెడ్డుకీ లెక్కలు వేసుకోవడానికి సొంతంగా కొంత చోటు కావాలి, పరీక్ష రాసే ఒక్కొక్కరికీ ఒక్కో రఫ్ కాగితం ఇచ్చినట్టు. ఎనిమిది కాగితాలు పరిచేసరికి బల్ల నిండిపోయింది. యంత్రం ఆన్ చేసిన మరుక్షణం నోరు మూసుకుని కూర్చుంది.

తిట్టుకుంటూ, కోస్తూ, కలుపుతూ చివరికి మూడింటికి తెచ్చింది. ఒకటి వేడి ఎంతుందో కొలిచి రాసిపెడుతుంది. రెండోది ఆ రాసింది చదివి హీటర్నీ అలారాన్నీ చూసుకుంటుంది. మూడోది గంటకోసారి గుడ్ల ట్రేలు తిప్పుతుంది. ఉన్నది ఒక్క చిప్పే కాబట్టి కాసేపు దీన్ని, కాసేపు దాన్ని నడుపుతూ మూడూ ఒకేసారి జరుగుతున్నట్టు భ్రమ పుట్టిస్తుంది. అది మొదటిసారి సజావుగా నడిచిన రోజున ఆమె బాత్రూములోకి వెళ్ళి, తలుపేసుకుని, ఒక్కతే గెంతింది.

గుడ్లు పెట్టిన అయిదో రోజున అలారం కూసింది. వేడి నూట రెండు డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందని. గుడ్లు ఉడికిపోకుండా హీటరు పదినిమిషాలు ఆగిపోయింది. పరుగెత్తుకెళ్ళి పక్కనున్న మామూలు థర్మామీటర్ చూస్తే తొంభై తొమ్మిదిన్నర. యంత్రం కూసింది దొంగకూత. కానీ ఆ పది నిమిషాలూ లోపల గుడ్లు నిజంగానే చల్లబడ్డాయి. ఇలా రోజుకి నాలుగైదుసార్లు చల్లబడితే ఇరవై ఒకటో రోజున అందులోంచి పిల్లలు రావు.

సెన్సరు బోర్డు చేసింది అతను. బెంచి దగ్గర టంకం పని చేస్తాడు కాబట్టి అందరూ టంకం అనే పిలుస్తారు. చూపుడువేలు మీద కాలిన మచ్చ, నుదుటి మీద కళ్ళజోడు, భుజాన కేబుల్. తప్పు అతని సెన్సరుదే అయ్యుంటుందని ఆమె నమ్మింది, పిలిచింది. అతను వచ్చి యంత్రానికీ తన లాప్‌టాప్‌కీ మధ్య కేబుల్ తగిలించాడు. అంతే, యంత్రం ముద్దుబిడ్డలా మారిపోయింది. అతను అలా వెళ్ళిన గంటకి మళ్ళీ కూసింది.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అతను ఉన్నంతసేపూ కిక్కురుమనదు.

బెంచి నుంచి ఎవర్ని పిలిచినా రిజిస్టర్లో రాయాలి. అది పెద్దాయన పెట్టిన పద్ధతి. తేదీ, పిలిచినవారు, కారణం, ఫలితం. ఆ రిజిస్టరు స్టోర్ అక్క బల్ల మీద ఉంటుంది. స్టోర్ అక్క చేతిలో ఉన్నదంటే ఊరందరి చేతిలో ఉన్నట్టే.

“ఏం అలారం, ఇవాళ మోగలేదా?” అంటూ టీ దగ్గర పేరు పెట్టేసింది అక్క. “పోనీలే, పెద్దగా కారణం ఏదీ దొరక్కపోతే బల్బు మాడిందని రాయి. మా టంకం ఎలాగూ వస్తాడు.”

“అక్కా!”

“నేనేం అన్నాను? నాలుగుసార్లు పిలిచావు. నాలుగుసార్లూ లోపం లేదు. లోపం లేకుండా మగపిల్లాణ్ణి బల్ల దగ్గర ముప్పావుగంట కూర్చోబెట్టుకుంటే, దాన్నేమంటారో నువ్వే చెప్పు.”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటినుంచి ఎవర్నీ ఏదీ ఊరికే అడిగిన మనిషి కాదు. తనవంటూ ఉన్నవి రెండే, చదువు, మాట. ఇప్పుడు ఆ మాటకే విలువ లేకుండా పోయింది. అదీ ఒక కేబుల్ వల్ల! కేబుల్ చుట్టుకునే మనిషి వల్ల! అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది, అది ఎవరికీ చెప్పుకునేది కాదు. అతను వచ్చి పక్కన కూర్చున్న ఆ ముప్పావుగంటలూ అంత చెడ్డగా ఏమీ గడవలేదు.

శనివారం పెద్దాయన రిజిస్టరు ముందేసుకుని ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు. ఆమెని పిలిచాడు.

“అమ్మా, నాలుగుసార్లు రాశావు, సెన్సరు చెడిందని. నాలుగుసార్లు అబ్బాయి రాశాడు, చెడలేదని. నేనెవర్ని నమ్మాలి?”

“నన్ను నమ్మాలి సార్.”

“నమ్మడానికి ఏదైనా చూపించు మరి. ఆ గుడ్లు నీతోనూ నాతోనూ వాదించవు, ఊరికే చచ్చిపోతాయి. సోమవారం సాయంత్రం దాకా చూస్తాను. అప్పటికీ తేలకపోతే పాత కంట్రోలర్ బిగించేస్తాను. నీ దారి నువ్వు చూసుకుందువుగాని.”

ఆయన గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పాడు. ఆమె బయటికొచ్చి, ఎదురుగా వస్తున్న టంకం మొహం మీదే తలుపు వేసింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ నాన్న ఆమెని బలవంతాన బయటికి లాక్కొచ్చాడు. ఆయన ఆటల మేష్టారు. స్కూలు గ్రౌండులో అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచి. స్కోరు బోర్డు బాధ్యత ఆయనదే. చెక్కబోర్డుకి మేకులు, మేకులకి అంకెల పలకలు.

ఆమె బోర్డు పక్కనే మెట్టు మీద కూర్చుని నోట్‌బుక్ తీసింది. ఆటకి వచ్చినా వదలని దరిద్రం. ఇప్పటిదాకా అలారం మోగిన ప్రతిసారీ తెర మీద కనబడిన అంకె అందులో రాసుకుంది. 102.39. 102.39. 102.39. పద్దెనిమిదిసార్లు మోగింది, పద్దెనిమిదిసార్లూ అదే. సెన్సరు చెడితే రోజుకో రకంగా చెడాలి గానీ, ఇంత క్రమశిక్షణతో చెడటమేమిటి?

అంతలో గ్రౌండులో పెద్ద గోల లేచింది.

స్కోరు ముప్పై తొమ్మిది నుంచి నలభై కావాలి. నాన్న ముందు మూడు తీసి నాలుగు తగిలించాడు. తొమ్మిది తీసి సున్నా పెట్టేలోపు, అవతలి జట్టు తాలూకు జనం బోర్డు చూశారు. నలభై తొమ్మిది!

“ఎవడబ్బ సొమ్మని పది పాయింట్లు వేశారండీ?” అంటూ ఓ పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు.

నాన్న సున్నా పలక చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు. కోపం ఆ ఇంటి సొత్తు. “ఏమండీ, మనిషి పలక మారుస్తున్నాడు కదా, పూర్తయ్యేదాకా ఆగలేరా? సగంలో చూడటమేమిటి, చూసి అరవడమేమిటి? రెండు పలకలూ ఒక్కసారే మార్చడానికి నాకేమైనా నాలుగు చేతులున్నాయా?”

ఆ తరువాతి పాయింటుకి ఆయన పంతం పట్టాడు. మెడలోని తువ్వాలు తీసి బోర్డు మీద కప్పాడు. పలకలు మార్చాడు. తువ్వాలు తీశాడు. “ఇప్పుడు చూడండి, తనివితీరా!”

ఆమె నోట్‌బుక్ ఒళ్ళోంచి జారి కిందపడింది.

ఆ చిప్పుకి చిన్న బుద్ధి. ఒక గడిలో రెండువందల యాభై అయిదు దాటి రాసుకోలేదు. అందుకని వేడిని వందతో గుణించి, ఆ పెద్ద అంకెని రెండు గడుల్లో రాస్తుంది. నాన్న రెండు పలకల్లాగే; కాకపోతే అక్కడ పదుల పలక, ఇక్కడ రెండువందల యాభై ఆర్ల గడి. తొంభై తొమ్మిది పాయింట్ ఎనభై మూడు అంటే పెద్ద గడిలో ముప్పై ఎనిమిది, చిన్న గడిలో రెండువందల యాభై అయిదు. వేడి ఇంకొక్క పిసరు పెరిగితే పెద్ద గడిలో ముప్పై తొమ్మిది, చిన్న గడిలో సున్నా కావాలి. పెద్ద గడి మార్చి చిన్న గడి మార్చేలోపు, హీటర్ని చూసుకునే థ్రెడ్డు వచ్చి చదివిందనుకో?

అరచేతి మీద పెన్నుతో గుణించింది. ముప్పై తొమ్మిది ఇంటూ రెండువందల యాభై ఆరు, దానికి రెండువందల యాభై అయిదు కలిపితే పదివేల రెండువందల ముప్పై తొమ్మిది.

నూట రెండు పాయింట్ ముప్పై తొమ్మిది.

“నాన్నా!” అని కేక పెట్టింది. “నువ్వు దేవుడివి!”

“ఆ ముక్క అవతలి జట్టు వాళ్ళకి చెప్పు,” అన్నాడాయన, ఇంకా కోపం తీరక.

సోమవారం పొద్దున రిజిస్టర్లో అయిదోసారి రాసింది. స్టోర్ అక్క కనుబొమలెత్తింది. కారణం గడిలో “కేబుల్ లేకుండా రావలెను” అని ఉంది.

“కేబుల్ కూడా అడ్డమేనా ఇప్పుడు?” అంది అక్క.

ఆమె పెన్ను పెట్టేసి తన బల్ల దగ్గరికి నడిచింది. ఆ మాత్రం సంయమనం చూపించినందుకు తనని తానే మెచ్చుకుంది.

బయట వాన పట్టుకుంది. అతను భుజం ఖాళీగా పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కేబుల్ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఉన్నాడు.

“కేబుల్ లేకపోతే నాకేం కనబడుతుందండీ?”

“కళ్ళున్నాయి కదా! తెర మీద అంకె చూడండి. ఎప్పుడో ఒకప్పుడు నూట రెండు పాయింట్ ముప్పై తొమ్మిది వస్తుంది. వచ్చేదాకా లేవకూడదు.”

“అంకెతో సహా ముందే చెబుతున్నారా?”

“చెబుతున్నాను. రాకపోతే రేపటినుంచి నేనే రాను. పెద్దాయన మాట అది.”

అతను ఇంకేమీ అడక్కుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అది కూడా ఆమెకి కోపం తెప్పించింది. అడిగితే చెబుదామని రాత్రంతా మాటలు పేర్చుకుంది మరి.

వెనక షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. తెర మీద అంకె పెరుగుతోంది, తరుగుతోంది. ఒక గంట గడిచింది. పెట్టె అద్దం వెనక అరవై గుడ్లూ తమకేమీ పట్టనట్టు పడుకుని ఉన్నాయి.

“ఒకటి అడగనా?” అన్నాడు అతను.

“తెర చూస్తూ అడగండి.”

“నేనంటే మీకు ఎందుకంత కోపం?”

“మీరు నన్ను నమ్మలేదు కాబట్టి.”

“నమ్మానండీ. మొదటిసారే నమ్మాను.”

ఆమె చివ్వున తల తిప్పింది. “నమ్మారా? మరి రిజిస్టర్లో ఎందుకు రాయలేదు?”

“నమ్మింది రాసే గడి లేదు అందులో.”

“ఎంత బాగా చెప్పారండీ!”

“మీరు సాయంత్రం ఇంటికి వెళ్ళాక సెన్సర్ మార్చాను. మూడుసార్లు. మూడూ కొత్తవే. అయినా మర్నాడు కూస్తూనే ఉంది. తప్పు ఎక్కడుందో నాకూ అంతుపట్టలేదు.”

“మూడుసార్లా? నాకు చెప్పకుండానా?”

“చెబితే అరుస్తారని.”

“నేను ఎప్పుడు అరిచాను?” అని అరిచింది ఆమె.

అతను తెర మీదినుంచి చూపు తిప్పకుండానే నవ్వాడు. నవ్వితే బుగ్గ ఒకవైపే లోపలికి వెళుతుందని ఆమె ఇంత దగ్గరగా కూర్చుంటే గానీ గమనించలేదు. గమనించినందుకు మళ్ళీ తనమీద తనకే చిరాకు పుట్టింది. ఇక్కడ ఉద్యోగం పోయేలా ఉంటే బుగ్గల సంగతేమిటి!

“నేనూ ఒకటి చెప్పాలి,” అంది. “సెన్సర్ బాగోలేదని పెద్దాయనతో నాలుగుసార్లు చెప్పాను. అది తప్పు. మీ సెన్సరు నిక్షేపంలా ఉంది. తప్పు నా ప్రోగ్రాములోనే ఉంది.”

“మరి నేను ఉన్నప్పుడు ఎందుకు రాదు?”

“మీ కేబుల్ తగిలించగానే ప్రతి రీడింగూ మీ లాప్‌టాప్‌కి రాసి పంపమని నేనే పెట్టాను. ఆ రాసి పంపేసరికి కాస్త టైము పడుతుంది కదా, అందువల్ల చదివే థ్రెడ్డు వచ్చేసరికి రాసే థ్రెడ్డు పని ముగించేసి ఉంటుంది. రెండూ ఎదురుపడవు. కేబుల్ తీయగానే మళ్ళీ ఢీకొంటాయి.”

అతను ఆలోచించాడు. “అంటే నేను చూడటానికి వచ్చినందువల్లే నాకు కనబడలేదన్నమాట.”

“అన్నమాట కాదు, ఉన్నమాట. నాలుగుసార్లు నా పరువు తీసింది మీ కేబుల్.”

“నా కేబుల్‌కి మీరంటే అంత భయమని నాకు తెలీదండీ.”

“జోకులెయ్యకండి. నాకు ఇప్పుడు నవ్వొస్తే...”

కూత!

అలారం గది అదిరేలా కూసింది. తెర మీద 102.39. హీటర్ లైటు ఆరిపోయింది. ఆమె స్టూలు మీదినుంచి ఒక్క గెంతు గెంతి, “వచ్చింది! చూశారా? చూశారా?” అంటూ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. గుడ్లు చల్లబడుతున్నాయని సంతోషించిన మనిషి ఆ కంపెనీ చరిత్రలోనే లేదు.

“చూశాను, చూశాను,” అన్నాడు అతను. అలారం ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. ఇద్దరికీ ఒక్కసారే ఆ సంగతి తెలిసింది.

గుమ్మంలో స్టోర్ అక్క. “లోపం కనబడిందా?” అంది తీరిగ్గా.

ఆమె చటుక్కున చెయ్యి వదిలేసింది. అతను మాత్రం తొణక్కుండా అక్క బల్ల దగ్గరికి వెళ్ళి, దారం తెగేలా పెన్ను లాగి, ఫలితం గడి దాటి కింద వరుసల్లోకి కూడా రాసుకుంటూ పోయాడు. “లోపం కళ్ళారా చూశాను. అంకె ముందుగా చెప్పినట్టే వచ్చింది. మునుపటి నాలుగు పరిశీలనలూ చెల్లవు. నా కేబుల్ వల్ల లోపం దాక్కుంది. పిలిచినవారు మొదటినుంచీ చెప్పింది నిజం.” కింద సంతకం పెట్టాడు.

ఆమె అది చదివి, ఇంకోసారి చదివింది.

ఇక మందు వెయ్యాలి. నాన్న తువ్వాలే మందు. గడులు రెండూ మార్చేటప్పుడు ఒక తాళం వేయాలి, మార్చడం అయ్యాక తీయాలి, తాళం ఉన్నంతసేపూ చదివేవాడు గుమ్మంలో ఆగాలి. రాయడానికి నాలుగు లైన్లు. కానీ ఆ తాళానికి పది బైట్లు కావాలి, చిప్పులో మిగిలినవి ఆరు.

“ఆరా!” అంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇంత చేసి నాలుగు బైట్ల దగ్గర ఆగిపోవాలా? మనుషులు పనిచేసే చిప్పేనా ఇది?”

“ఆన్ చేయగానే తెర మీద పరుగెడుతుందే ఆ స్వాగతం, అదెన్ని తింటుంది?” అన్నాడు అతను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ స్వాగతం పెద్దాయన స్వయంగా కూర్చినది. ‘రండి రండి, దయచేయండి, మీ గుడ్లు మా బాధ్యత, మీ నవ్వే మా లాభం.’

పెద్దాయన ముందు రిజిస్టరు చదివాడు. తరవాత తెర చూశాడు. “సరే, నీ మాట నిజమే. కానీ ‘దయచేయండి’ తీసేస్తే మర్యాదగా ఉంటుందా అమ్మా?”

“మర్యాద కావాలా, పిల్లలు కావాలా సార్?” అంది ఆమె.

ఆయన చాలాసేపు బాధపడ్డాడు. చివరికి ‘మీ గుడ్లు మా బాధ్యత’ ఒక్కటే మిగిలింది.

తాళం పడింది. ఆ సాయంత్రం కూత లేదు. మర్నాడూ లేదు. ఆ తరవాత ఎనిమిది రోజులూ లేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున అరవైలో యాభై మూడు గుడ్లు పగిలాయి. తడి తడిగా, కోపం కోపంగా, ఈ గోలేమిటన్నట్టు అరుస్తూ పిల్లలు బయటికొచ్చాయి. “నీ పోలికే,” అంది స్టోర్ అక్క. పెద్దాయన ఒక పిల్లని అరచేతిలో పెట్టుకుని, “పర్మనెంట్,” అన్నాడు. అది పిల్లతో అన్నాడో ఆమెతో అన్నాడో తేలడానికి ఒక నిమిషం పట్టింది.

టంకం అందరికన్నా వెనక నిలబడి నవ్వాడు. ఆ ఒకవైపు బుగ్గ నవ్వే. కళ్ళతోనే బాగుందన్నాడు. బెంచికి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయాడు! ఆమె సంతోషమంతా అక్కడితో సగమైపోయింది. ఈ తొమ్మిది రోజుల్లో ఒక్కసారైనా ఇటు తొంగిచూశాడా? లేదు. ఎలా ఉందని అడిగాడా? లేదు. ఎవరూ పిలవకపోతే బెంచి వదలకూడదని రూలు ఉందట. రూలు ఉంటే? చెయ్యి పట్టుకున్నప్పుడు రూలు గుర్తురాలేదా? నిజానికి చెయ్యి పట్టుకున్నది తనే అన్న సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది. లోపమున్నన్నాళ్ళూ మనిషి వచ్చాడు. లోపం పోగానే మనిషీ పోయాడు. బాగుచేసినందుకు ఇదా ఫలితం?

మర్నాడు పొద్దున ఆమె స్టోర్ అక్క బల్ల దగ్గరికి విసవిసా వెళ్ళింది. రిజిస్టర్ తన వైపు తిప్పుకుంది. తేదీ వేసింది. కారణం గడి దగ్గర పెన్ను ఒక్కసారి ఆగింది. నలుగురూ చదువుతారు. శనివారం పెద్దాయన వేలు పెట్టి మరీ చదువుతాడు. చదవనీ! అబద్ధం చెప్పానని ఇన్నాళ్ళూ చదువుకున్నారుగా, నిజం కూడా ఇందులోనే చదువుకోనీ!

ఒక్క ఊపున రాసేసింది.

స్టోర్ అక్క తల వంచి చదివింది. ఆవిడ ఒక్క ఎత్తిపొడుపు కూడా లేకుండా లేచి బెంచికి బెల్లు కొట్టడం అదే మొదలు.

అతను పరుగున వచ్చాడు, భుజాన కేబుల్‌తో. “మళ్ళీ కూసిందా?”

“రిజిస్టరు చూడండి,” అంది ఆమె గోడకేసి తిరిగి.

నుదుటి మీది కళ్ళజోడు దిగింది. “యంత్రంలో లోపం లేదు. లోపం నాలో ఉంది. పది రోజులుగా పని మీద మనసు నిలవడం లేదు. ఒకసారి వచ్చి చూడవలెను.”

అతను మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఎన్నిసార్లు చదువుతారండీ? అంత అర్థం కాకుండా ఏం రాశాను?” అంది ఆమె. “ఫలితం గడి ఖాళీగా ఉంది. మీరు చూసిందే రాయండి. మొహమాటానికి ఏమీ రాయొద్దు.”

అతను కేబుల్ తీసి అక్క బల్ల మీద పెట్టాడు. పెన్ను తీసుకున్నాడు. అంత నెమ్మదిగా మనిషి అక్షరాలు రాయగలడని ఆమెకి అప్పటిదాకా తెలీదు. రాసి, రిజిస్టరు ఆమె వైపు తిప్పి, చెవులు ఎర్రబడ్డ మొహంతో నిలబడ్డాడు.

“పరిశీలించగా అదే లోపం నాలోనూ కనబడింది. మొదటి పిలుపు నుంచీ ఉన్నది. రాసే గడి ఇప్పుడు దొరికింది.”

“మొదటి పిలుపు నుంచా?” ఆమె నోట్లోంచి మాట వచ్చేసింది. “మరి ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారే? నేను రాయకపోతే?”

“కూర్చోలేక రోజూ కేబుల్ భుజాన వేసుకునే ఉన్నానండీ. బెల్లు మోగుతుందేమోనని.”

స్టోర్ అక్క ముక్కు చీదుకుంటూ, దుమ్మని చెప్పి, లోపలి గదిలోకి వెళ్ళింది.

శనివారం వచ్చింది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని రిజిస్టరు ముందేసుకున్నాడు. ముందు గదిలో ఆమె, వెనక బెంచి దగ్గర అతను, ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆయన వేలు ఒక్కో వరుసా దిగుతూ వచ్చి ఆ వరుస దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. ఆ తరవాత ఆయన ఎప్పుడూ వేసే టిక్కు వెయ్యలేదు. దారానికి కట్టిన పెన్ను దగ్గరికి లాక్కుని, ఆ ఇద్దరి సంతకాల కిందా తన చేత్తో ఒక వాక్యం రాశాడు.

“ఈ లోపం ఎవరూ సరిచేయరాదు. ఇరువైపుల పెద్దలతో నేను మాట్లాడతాను.”